ఓడ దిగిన తర్వాత వైద్యం ఎవరి బాధ్యత?

(విశాఖపట్నంలో మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కు గురించి ఈ రెండు రోజులుగా మనం చాలా మాట్లాడుకున్నాం. ప్రసూతి వార్డుల గురించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మందుల కొరత గురించి, అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేస్తున్న ప్రైవేటు ఆసుపత్రుల గురించి చర్చించాం. నన్ను మాత్రం ఓడల్లో పనిచేసి రిటైరైనవాళ్లకూ, వాళ్ల కుటుంబాలకూ ప్రభుత్వం ఇచ్చే వైద్య సౌకర్యాల గురించి మాట్లాడమన్నారు. విషయం చెప్పగానే ఒక అక్క, "అది యూనియన్ వాళ్లు చూసుకునే పని కదా, మనకెందుకు?" అని అడిగారు. ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను.

ఈ ఊళ్లో ఒకే వీధిలో ఉంటున్న ఇద్దరు స్త్రీలు నాకు తెలుసు. ఒకామె భర్త నౌకాదళంలో నావికుడిగా చేసి పెన్షనుతో బయటికొచ్చి, కొన్నేళ్ల కిందట చనిపోయాడు. రెండో ఆమె భర్త వాణిజ్య ఓడల్లో, ఇంజన్ రూములో ఇరవై నాలుగేళ్లు పనిచేశాడు. ఇద్దరూ సముద్రం మీదే బతికారు. ఇద్దరి భార్యలూ ఏడాదిలో ఎక్కువ నెలలు ఒంటరిగా ఇల్లు నడిపారు, పిల్లల్ని పెంచారు, అత్తమామలకు సేవ చేశారు.

మొదటి ఆమెకు షుగరు వ్యాధి ఉంది. చేతిలో మాజీ సైనికుల ఆరోగ్య పథకం కార్డు ఉంది. పాలీక్లినిక్‌కు వెళితే పరీక్షలు చేస్తారు, మందులిస్తారు. అప్పుడప్పుడు మందులు లేవని తిప్పుతారు, పెద్ద ఆసుపత్రికి రాయించుకోవడానికి తిరగాలి. అయినా అడగడానికి ఆమెకొక చోటు ఉంది.

రెండో ఆమెది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. అక్కడి ఎందరిలాగో ఆమెకూ కిడ్నీ జబ్బు వచ్చింది. అంతకుముందే భర్తకు ఊపిరితిత్తుల జబ్బు. ఆయన దాచిన భవిష్య నిధి డబ్బు మొదటి రెండేళ్ల వైద్యానికే అయిపోయింది. నేను ఆమెతో కలిసి ఒక కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి అడిగిన మొదటి ప్రశ్న, "చివరిగా ఏ కంపెనీ?" అని. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఓడను తుక్కుకు అమ్మేశారు. "అయితే మేమేం చెయ్యలేం" అన్నాడు. బయటికొచ్చాక ఆమె నాతో, "ఓడ దిగిపోనాక మనల్నెవులు సూత్తారమ్మా" అంది.

మనకెందుకు అని అడిగిన అక్కకు నా జవాబు ఆమే. భర్త ఓడ దిగాడు. ఆమె అసలు ఓడ ఎక్కనే లేదు. కానీ ఆ ఉద్యోగం తెచ్చిన జబ్బుకు సేవ చేసేది ఆమె. తనకు జబ్బు చేస్తే చూసే దిక్కు లేనిదీ ఆమే.

తేడా ఎక్కడుంది?

నౌకాదళంలో చేరినవాడు ప్రభుత్వోద్యోగి. సెలవులో ఉన్నా ఉద్యోగే, ఒడ్డున ఉన్నా ఉద్యోగే. రిటైరైతే పెన్షను, పెన్షనుతో పాటు వైద్యం వస్తాయి. వాణిజ్య ఓడలో పనిచేసే కళాసీ, ఆయిలరు, వంటవాడు, స్టివార్డు అలా కాదు. అతనికి ఉండేది కాంట్రాక్టు. ఆరు నెలలో, తొమ్మిది నెలలో ఓడ మీద ఉంటాడు. సైన్ ఆఫ్ అయి ఇంటికొచ్చిన రోజు నుంచి, మళ్లీ ఓడ దొరికేదాకా, చాలామంది విషయంలో అతను ఎవరి ఉద్యోగీ కాదు. ఒక కంపెనీలో రెండు కాంట్రాక్టులు, మరో కంపెనీలో మూడు, విదేశీ జెండా ఓడలో ఇంకొన్ని. ఇలా పాతికేళ్లు గడిచాక "నేను ఫలానా చోట రిటైరయ్యాను" అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. సముద్రం మీద గడిపిన ఏళ్లు కళ్ల ముందున్నా, వాటికి జవాబుదారీగా ఒక యజమాని కనిపించడు.

చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1958లో వచ్చిన వాణిజ్య నౌకాయాన చట్టం ఓడ సిబ్బంది సంక్షేమం కోసం ఒక జాతీయ బోర్డు ఉండాలంది. ప్రభుత్వానికి ఆ బోర్డు సలహా ఇవ్వాల్సిన విషయాల్లో హాస్టళ్లు, క్లబ్బులు, క్యాంటీన్లతో పాటు, ఓడ సిబ్బంది కోసం ఆసుపత్రులు నెలకొల్పడం లేదా వైద్యం అందించడం అన్న మాట కూడా ఉంది. అంటే వీళ్లకు వైద్యం కావాలన్న సంగతి చట్టం రాసినవాళ్లకు అప్పుడే తెలుసు. కానీ అది సలహా చెప్పే విషయంగా ఉంది, అడిగి తీసుకునే హక్కుగా లేదు.

1966లో ఓడ సిబ్బంది భవిష్య నిధి చట్టం వచ్చింది. కార్మికుడి జీతం నుంచి కొంత, ఓడ యజమాని నుంచి కొంత జమ అవుతుంది. ఇది ఎంతో ఉపయోగపడిన చట్టమే. అయితే భవిష్య నిధి అంటే పొదుపు. పొదుపునూ వైద్యాన్నీ మనం ఒకటిగా చూడకూడదు. కూతురి పెళ్లికో, ఇంటి అప్పుకో ఆ డబ్బు పోతుంది. ఆసుపత్రి మెట్లెక్కేనాటికి అది ఉండదు. ఇవి కాక నౌకాయాన శాఖ ఆధ్వర్యంలో ఓడ సిబ్బంది సంక్షేమ నిధి సంఘం ఉంది. చనిపోయినప్పుడు, అంగవైకల్యం వచ్చినప్పుడు సాయం చేస్తుంది. ఆ సాయం తీసుకోవాలి, తీసుకునేలా మనం చూడాలి. కానీ ఒకసారి చేతికొచ్చే మొత్తం, వారానికి రెండు మూడుసార్లు జరగాల్సిన డయాలసిస్‌కు ఎన్నాళ్లు సరిపోతుంది?

ఒక పోలిక చెబుతాను. ఫ్యాక్టరీలో ఈఎస్‌ఐ బీమా కింద కనీసం ఐదేళ్లు ఉండి రిటైరైన కార్మికుడు, నెలకు 10 రూపాయల లెక్కన ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ తన జీవిత భాగస్వామికీ వైద్యం అందే పద్ధతి ఈఎస్‌ఐలో ఏర్పడింది. ఈఎస్‌ఐ ఆసుపత్రుల్లో లోపాలు మనకు తెలియనివి కావు. అయినా భార్యను లెక్కలోకి తీసుకున్న పద్ధతి అది. ఆ మాత్రం కూడా మన ఓడ కార్మికుడి ఇల్లాలికి దక్కలేదు.

పదహారు వారాల జబ్బులు, ముప్ఫై ఏళ్ల జబ్బులు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఓడ కార్మికుల హక్కులన్నిటినీ ఒకచోట చేర్చి ఒక ఒడంబడిక ఆమోదించింది. అది 2013 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. 2015లో మన దేశం దాన్ని ధ్రువీకరించింది. ఇందులో మంచి విషయాలు చాలా ఉన్నాయి. ఓడ మీద ఉండగా జబ్బు చేస్తే, గాయమైతే వైద్యం ఖర్చు యజమానిదే. ఒడ్డున పెద్ద డాక్టరుకు చూపించాల్సిన బాధ్యతా యజమానిదే. అయితే యజమాని పెట్టుకోవాల్సిన ఖర్చుకు దేశాలు గడువు విధించవచ్చు, ఆ గడువు 16 వారాలకు తగ్గకూడదు అని ఉంది. చెయ్యి విరిగినవాడికి 16 వారాలు సరిపోవచ్చు. మరి ఇంజన్ రూములో పీల్చిన ఆస్‌బెస్టాస్ పొడి మాటేమిటి?

పాత ఓడల్లో వేడి గొట్టాల చుట్టూ, బాయిలర్ల చుట్టూ ఆస్‌బెస్టాస్ చుట్టేవారు. ఆ పొడి వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బులు, క్యాన్సర్లు ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ల తర్వాత కూడా బయటపడతాయి. కొత్తగా ఆస్‌బెస్టాస్ అమర్చడాన్ని అంతర్జాతీయ నిబంధనలు 2002 జూలై నుంచి చాలావరకూ, 2011 జనవరి నుంచి పూర్తిగానూ నిషేధించాయి. అంటే అంతకుముందు ఇంజన్ రూముల్లో పనిచేసినవాళ్ల జబ్బులు ఇప్పుడు బయటపడే కాలం. అప్పటికి కాంట్రాక్టు ఉండదు, ఓడ ఉండదు, ఒక్కోసారి కంపెనీయే ఉండదు. ఆస్‌బెస్టాస్‌తో పనిచేసినవాళ్ల బట్టలు ఉతికిన భార్యలకు కూడా ఈ క్యాన్సరు వచ్చిందని వైద్యశాస్త్రం ఎప్పుడో గుర్తించింది. ఓడలు కట్టే, మరమ్మతు చేసే యార్డుల నుంచి ఆ బట్టలు రోజూ ఇంటికొచ్చేవి. అలా జబ్బు పడిన ఆమె ఏ రిజిస్టరులో ఉంటుంది?

అదే ఒడంబడిక సామాజిక భద్రతను తొమ్మిది విభాగాలుగా చూపించింది. వైద్యం, వృద్ధాప్య భృతి, ప్రసూతి, అంగవైకల్యం, కుటుంబ పెద్ద పోతే మిగిలినవాళ్ల భృతి, ఇలా. ధ్రువీకరించే దేశం వీటిలో కనీసం మూడింటికి హామీ ఇస్తే మొదట సరిపోతుంది. మిగతావి క్రమంగా అందించాలి. వైద్యాన్ని మొదటి మూడింటిలో చేర్చడం మంచిదని సూచన కూడా ఉంది. రిటైరైనవాళ్ల వైద్యాన్నీ, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల వైద్యాన్నీ ఆ క్రమంలో ఎప్పుడు చేరుస్తారని అడగాల్సింది మనమే.

నౌకాదళం వైపు అంతా బాగుందా?

మాజీ సైనికుల ఆరోగ్య పథకం 2003 ఏప్రిల్ 1న మొదలైంది. అంతకుముందు సైనిక ఆసుపత్రుల్లో చోటుంటే చూసేవారు, లేకపోతే లేదు. ఈ పథకంలో పెన్షను తీసుకునే మాజీ సైనికుడు ఒకసారి చందా కడితే తనకూ, భార్యకూ, ఆధారపడిన పిల్లలకూ, తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. 1996కి ముందు రిటైరైనవాళ్లకూ, యుద్ధంలో భర్తల్ని కోల్పోయిన స్త్రీలకూ చందా లేకుండా చేశారు. భర్త పోయి తిరిగొచ్చిన కూతురు, విడాకులైన కూతురు ఆదాయం లేక తండ్రి మీద ఆధారపడి ఉంటే వాళ్లనూ చేర్చవచ్చు. ఈ చివరి సంగతి చాలా ఇళ్లలో తెలియదు. మీరు వెళ్లిన చోటల్లా చెప్పండి.

కానీ చూడండి, ఇందులో కూడా భార్య హక్కు భర్త మీదుగానే వస్తుంది. దరఖాస్తు పెట్టేది అతను. ఆమె పేరు రాయాల్సింది అతను. వదిలేసి వేరే కాపురం పెట్టినవాడు ఆమె పేరు రాస్తాడా? సర్వీసు పుస్తకంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ఆమె ఎన్ని ఆఫీసులు తిరగాలి? విడాకులైతే ఇరవై ఏళ్ల కాపురమైనా ఆ వైద్యం ఆ రోజుతో సరి. అతని సర్వీసు వెనక ఆమె చాకిరీ ఎంతుందో మనకు తెలుసు. వైద్యం దగ్గరకొచ్చేసరికి ఆ చాకిరీకి లెక్క లేదు.

ఇంకో సంగతి. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ల కాలానికి తీసుకుని, వాళ్లలో నాలుగో వంతు మందికి మించకుండా కొనసాగించి, మిగతావాళ్లను పంపించేస్తారు. అలా బయటికొచ్చినవాళ్లకు పెన్షను లేదు, మాజీ సైనికుల హోదా లేదు, ఈ ఆరోగ్య పథకమూ లేదు. మన నౌకాదళం స్త్రీలను నావికులుగా మొదటిసారి తీసుకున్నది ఈ పథకంలోనే. 2023 మార్చిలో ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కా నుంచి తొలి జట్టు శిక్షణ ముగించుకున్నప్పుడు పత్రికల్లో ఫొటోలు చూసి మనమంతా సంతోషించాం. సంతోషించాల్సిందే. కానీ స్త్రీలకు తలుపు తెరిచిన సమయానికి ఇంట్లో భద్రత తీసేశారన్నది కూడా మనం గమనించాలి. వాణిజ్య ఓడల్లో ఉన్న కాంట్రాక్టు పద్ధతి ఇప్పుడు యుద్ధ ఓడల్లోకీ వచ్చింది.

ఇతర దేశాల అనుభవం

ఓడ కార్మికులకు ప్రభుత్వం వైద్యం ఇవ్వడం ఎక్కడా జరగని వింత కాదు. అమెరికాలో 1798లోనే చట్టం చేశారు. ప్రతి ఓడ కార్మికుడి జీతం నుంచి నెలకు 20 సెంట్లు తీసుకుని, రేవుల్లో వాళ్లకోసం ఆసుపత్రులు నడిపారు. ఆ దేశపు ప్రజారోగ్య శాఖ పుట్టిందే ఆ ఆసుపత్రుల నుంచి. 1884లో జీతం నుంచి కోత ఆపేశారు, వైద్యం మాత్రం సాగింది. కానీ ఆ హక్కు కార్మికుడికే, భార్యాపిల్లలకు కాదు. చివరికి 1981లో ఖర్చు తగ్గించే బడ్జెట్ చట్టంతో దాన్ని రద్దు చేశారు. 183 ఏళ్ల హక్కు ఒక బడ్జెట్‌తో పోయింది.

ఫ్రాన్స్‌లో వేరే దారి పట్టింది. 1673లో రాజు ఓడల మీద గాయపడినవాళ్ల కోసం మొదలైన ఏర్పాటు, కాలక్రమంలో నావికుల ప్రత్యేక సామాజిక భద్రతా సంస్థగా ఎదిగింది. వైద్యం, పెన్షను రెండూ అదే చూస్తుంది. రిటైరైనవాళ్లూ, కుటుంబాలూ అందులో ఉన్నారు. ఏ ఓడలో చేశాడన్నది అడ్డు కాకుండా, సముద్రం మీద ఎన్నేళ్లు చేశాడన్న లెక్క అక్కడ ముఖ్యం. మనం కోరవలసింది ఈ పద్ధతిని.

ఇప్పుడున్న పథకాలు

"ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఆయుష్మాన్ ఉంది కదా" అంటారు. ఉన్నాయి. 2007లో మన రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ప్రాణాలు నిలిపింది. పేరు మారినా ఆ పథకం కొనసాగుతోంది. కార్డు లేనివాళ్లకు కార్డు ఇప్పించడం మన మొదటి పని. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు దాటిన అందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే కేంద్ర పథకం కూడా వచ్చింది. దీన్నీ ఉపయోగించుకోవాలి.

కానీ రెండు విషయాలు మరిచిపోవద్దు. ఈ పథకాలు ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు కోసం. నెలనెలా కొనే బీపీ, షుగరు మందుల ఖర్చు ఇంటి మీదే పడుతుంది. రెండోది, మన దగ్గర భార్య వయసు భర్త కంటే ఐదారేళ్లు, ఒక్కోసారి పదేళ్లు తక్కువ. ఆయనకు డెబ్బై దాటి కార్డు వచ్చేనాటికి ఆమెకు అరవై నాలుగు. ఆయనకు సేవ చేస్తూ తన జబ్బును వాయిదా వేసుకునేది సరిగ్గా ఆ ఏళ్లలోనే.

మనం చెయ్యాల్సినవి

కార్యకర్తలుగా రేపటి నుంచే మొదలుపెట్టగల పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, కాగితాలు. ఓడ ఉద్యోగి దగ్గర సీడీసీ అనే పుస్తకం ఉంటుంది. ఎక్కిన ప్రతి ఓడ, దిగిన ప్రతి తేదీ అందులో ఉంటాయి. అదొక్కటే అతని జీవితకాలపు పనికి సాక్ష్యం. దాని ప్రతి పేజీకీ నకలు తీయించి భార్య దగ్గర ఉంచాలి. ప్రతి కాంట్రాక్టు నకలు, ఓడ ఎక్కేముందూ దిగాకా చేసిన వైద్య పరీక్షల కాగితాలు, భవిష్య నిధి నంబరు కూడా ఆమె దగ్గర ఉండాలి.

రెండు, నామినీ. ఇరవై ఏళ్ల కుర్రాడు ఉద్యోగంలో చేరినప్పుడు తల్లి పేరో, అన్న పేరో రాస్తాడు. పెళ్లయ్యాక మార్చడం మరిచిపోతాడు. అతను పోయాక కోడలూ అత్తా కోర్టుకెక్కిన ఇళ్లు మనం చూశాం. పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. ఓడ ఉద్యోగుల ఇళ్లలో దాన్ని ముందుగా అమలు చేయించండి.

మూడు, డాక్టరు దగ్గర మాట్లాడే పద్ధతి. దగ్గు, ఆయాసం అని వెళ్లినప్పుడు "ఈయన ఇన్నేళ్లు ఇంజన్ రూములో పనిచేశారు" అని చెప్పి, ఆ మాట చీటీ మీద రాయించాలి. ఆ ఒక్క వాక్యం లేక ఎన్నో జబ్బులు సిగరెట్ల ఖాతాలోకి పోతున్నాయి.

నాలుగు, సమాచారం. సంక్షేమ నిధి నుంచి మన జిల్లాల వాళ్లకు ఎంత సాయం అందింది, ఎందరి దరఖాస్తులు తిరిగొచ్చాయి, ఎందుకొచ్చాయి అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగాలి.

ఇక ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి. 1958 చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త వాణిజ్య నౌకాయాన చట్టాన్ని ఆమోదించింది. పాత చట్టంలో సలహాగా మిగిలిపోయిన వైద్యాన్ని హక్కుగా మార్చమని ఒత్తిడి చెయ్యాల్సిన సమయం ఇది. ఓడ యజమాని, కార్మికుడు, ప్రభుత్వం ముగ్గురూ వాటా వేసే వైద్య పథకం కావాలి. చివరి కంపెనీతో పని లేకుండా, సముద్రం మీద చేసిన మొత్తం ఏళ్లే దానికి అర్హత కావాలి. భార్యకు తన పేరు మీద, తన చేతికి కార్డు ఇవ్వాలి. వితంతువైనా, భర్త వదిలేసినా అది చెల్లాలి. ఆలస్యంగా బయటపడే వృత్తి వ్యాధుల జాబితా తయారు చేసి, వాటికి గడువు పెట్టకుండా చికిత్స చెయ్యాలి. సంక్షేమ బోర్డులో ఓడ కార్మికుల కుటుంబాల స్త్రీలకు చోటివ్వాలి. దరఖాస్తు కోసం ముంబయి వైపు చూడకుండా, ఇక్కడే, మన భాషలో తీసుకునే ఏర్పాటు ఉండాలి. నాలుగేళ్ల సర్వీసు చేసి ఇంటికొచ్చే యువతీ యువకులకు, సర్వీసులో తగిలిన గాయాలకూ జబ్బులకూ జీవితాంతం వైద్యం ఉండాలి.

యూనియన్ల మిత్రులతో కలిసే ఇవి సాధించాలి. అయితే యూనియన్లో సభ్యుడు భర్త, భార్య కాదు. ఆమె మాట అక్కడికి చేరాలంటే ఆమెకు ముందుగా ఒక సంఘం కావాలి. ఉద్దానం గ్రామాల్లో, విశాఖ బస్తీల్లో ఓడ ఉద్యోగుల భార్యల్ని పది పదిహేను మందిని ఒకచోట కూర్చోబెట్టండి. వాళ్లు ఇప్పటికే ఒంటరిగా బ్యాంకులూ బడులూ ఆసుపత్రులూ తిరిగి ఇల్లు నడిపినవాళ్లు. వాళ్లకు మనం ధైర్యం నేర్పక్కర్లేదు.

1948లో ఈ ఊళ్లో జల ఉష ఓడను నీళ్లలోకి దింపారు, నెహ్రూ వచ్చారు అని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఓడ పేరు మనకందరికీ గుర్తుంది. అలాంటి ఓడల్లో పనిచేసినవాళ్ల పేర్లు సీడీసీ పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్ల ఇళ్లు నడిపిన స్త్రీల పేర్లు ఎక్కడా లేవు. నేను చెప్పిన ఉద్దానం ఆమె ఇప్పుడు డయాలసిస్ మీద ఉంది. భర్త సీడీసీ నకలు పట్టుకుని మా సమావేశానికి వచ్చింది. ఆమె ప్రశ్నకు ఈ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నను ఆమె ఒక్కతే అడగకుండా చూడటం మాత్రం మన చేతిలో ఉంది.